ఎవరో వద్దనుకున్న ఇరవై సిలిండర్లు: విస్కాన్సిన్ సెంట్రల్ ఎస్‌డీ45 మోడల్ పని డైరీ

జనవరి చివరి వారం

ఈసారి బల్ల మీదకు వచ్చింది ఎస్‌డీ45 అనే అమెరికా డీజిల్ రైలు ఇంజినుకు హెచ్‌ఓ స్కేలు మోడల్. అంటే అసలు ఇంజినులో 87వ వంతు. అసలుది 65 అడుగుల పైచిలుకు పొడవు, నా చేతిలో ఉన్నది 23 సెంటీమీటర్లు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. బర్లింగ్టన్ నార్తర్న్ అనే పెద్ద రైలు కంపెనీ ఆకుపచ్చ రంగులో ఉంది, మోటారు బాగా తిరుగుతోంది, రెండు చోట్ల హ్యాండ్‌రెయిల్ విరిగింది. దీన్ని విస్కాన్సిన్ సెంట్రల్ అనే ప్రాంతీయ రైలు కంపెనీ ఇంజినుగా మార్చాలి.

ఆకుపచ్చదే దొరకడం నాకు చాలా సంతోషం కలిగించింది. విస్కాన్సిన్ సెంట్రల్ నడిపిన ఎస్‌డీ45ల్లో చాలావరకు బర్లింగ్టన్ నార్తర్న్ వదిలించుకున్నవే. మరికొన్ని శాంటా ఫే లాంటి కంపెనీల నుంచి వచ్చాయి. విస్కాన్సిన్ సెంట్రల్ 1987 అక్టోబరు 11న మొదలై 2001 అక్టోబరు 9న కెనడియన్ నేషనల్‌లో కలిసిపోయింది. పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆ కాలంలో సరుకు లాగిన ఇంజిన్లలో కొత్తగా కొన్నవి దాదాపు లేవు. అన్నీ వేరే కంపెనీలు వాడి పక్కన పెట్టినవే. అందుకని ఈ మోడల్ షోకేసులో పెట్టే కొత్త బొమ్మలా మెరవకూడదని ముందే నిర్ణయించుకున్నాను. ఇంతకుముందు ఎవరి దగ్గర పనిచేసిందో చూడగానే తెలియాలి.

ఫిబ్రవరి మొదటి వారం

బాడీ విప్పి, షాసీని పక్కన పెట్టి, పెంకును ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌లో నానబెట్టాను. పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతుంటే అక్షరాలు, తెల్ల గీతలు ముందుగా ఊడాయి. ఆకుపచ్చను పూర్తిగా తీయడం లేదు. మెట్ల అంచులు, ఫ్యాన్ల చుట్టూ, బ్యాటరీ పెట్టెల తలుపుల దగ్గర ఉంచేస్తున్నాను. పైన వేయబోయే మెరూన్ అక్కడక్కడ చెక్కినప్పుడు కింద నుంచి పచ్చ కనిపించాలి.

నానుతున్న సమయంలో నోట్సు రాసుకున్నాను. కథ 1980లో మొదలవుతుంది. ఆ ఏడాది వచ్చిన స్టాగర్స్ చట్టంతో అమెరికా రైలు కంపెనీలకు రేట్లు తామే నిర్ణయించుకునే వీలు, లాభంలేని లైన్లు వదిలించుకునే వీలు బాగా పెరిగాయి. పెద్ద కంపెనీలు వదిలేసిన లైన్ల మీద చిన్న చిన్న ప్రాంతీయ కంపెనీలు పుట్టుకొచ్చాయి. దివాలా తీసిన మిల్వాకీ రోడ్ కంపెనీని 1985లో సూ లైన్ కంపెనీ కొన్నది. దాంతో ఒకే ప్రాంతంలో రెండేసి దారులు చేతికొచ్చాయి, నెత్తిన అప్పు పడింది. తన పాత లైన్లను ‘లేక్ స్టేట్స్’ అనే విభాగంగా విడదీసి, చివరికి అమ్మకానికి పెట్టింది. విస్కాన్సిన్, మిషిగన్ ఉత్తర భాగం, ఇల్లినాయ్, మిన్నెసోటా కలిపి దాదాపు 2,000 మైళ్ల పట్టాలు.

కొన్నవాళ్లలో ముఖ్యులు ఎడ్ బర్క్‌హార్ట్, థామస్ పవర్. బర్క్‌హార్ట్ షికాగో అండ్ నార్త్ వెస్టర్న్ రైలు కంపెనీలో, పవర్ మిల్వాకీ రోడ్‌లో పనిచేసినవాళ్లు. అంటే ఆ ప్రాంతపు పట్టాలు, ఫ్యాక్టరీలు, యార్డులు వాళ్లకు బాగా తెలుసు. పేరు మాత్రం పాతదే పెట్టారు. 1871లో పుట్టిన అసలు విస్కాన్సిన్ సెంట్రల్‌ను 1909లో సూ లైన్ లీజుకు తీసుకుంది, 1961లో అది పూర్తిగా కలిసిపోయింది. ఆ పేరును ఇరవై ఆరేళ్ల తర్వాత తిరిగి లేపారు.

మొదటి రైలు కదిలిన ఎనిమిదో రోజే, అక్టోబరు 19న, న్యూయార్క్ స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. అప్పు చేసి కంపెనీ పెట్టినవాళ్లకు ఆ వారం ఎంత టెన్షన్‌గా గడిచి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఫిబ్రవరి మూడో వారం

నాన్నతో ఫోన్. కాజీపేట లోకో షెడ్‌లో ఆయన జీవితమంతా ఆల్కో అనే అమెరికా కంపెనీ డిజైను డీజిల్ ఇంజిన్ల కిందే, అంటే మన రైల్వే డబ్ల్యూడీఎం2ల కిందే గడిచింది. నేను ఏ మోడల్ మొదలుపెట్టినా ముందు ఆయనకే చెప్తాను.

“ఇరవై సిలిండర్లా? మన డబ్ల్యూడీఎం2ల పదహారేరా,” అన్నారు.

“అవును నాన్నా. 3,600 హార్స్‌పవర్.”

“క్రాంక్‌షాఫ్ట్ గంత పొడుగుంటే వంగకుంట ఎట్లుంటది? విరుగుతది చూడు.”

ఫోటో కూడా చూడకుండానే అసలు సంగతి పట్టేశారు. జనరల్ మోటార్స్ వాళ్ల ఎలక్ట్రో మోటివ్ విభాగం 1965 నుంచి 1971 వరకు 1,260 ఎస్‌డీ45లు తయారుచేసింది. ఒక్కో సిలిండర్ 645 ఘనపు అంగుళాలు, ఆ రకం ఇంజినుకు పేరు కూడా అదే. ఇరవై కలిపితే 12,900, లీటర్లలో చెప్తే 211. అప్పట్లో ఒకే ఇంజినులో అంత శక్తి రావడం గొప్ప విషయం. మొదట్లో వచ్చినవాటిలో ఆ పొడవాటి క్రాంక్‌షాఫ్ట్‌లు విరగడం మొదలైంది. క్రాంక్‌కేస్‌ను గట్టిపరిచాక ఆ బాధ తగ్గింది, చెడ్డపేరు మాత్రం పోలేదు. ఈలోగా 1973లో చమురు ధర పెరిగింది. పదహారు సిలిండర్ల ఎస్‌డీ40 ఇచ్చే 3,000కు పైన మరో 600 హార్స్‌పవర్ కోసం నాలుగు సిలిండర్లకు అదనంగా డీజిల్ పోయాలా, వాటిని అదనంగా రిపేరు చేయాలా అని కంపెనీలు లెక్కలేసుకున్నాయి. తర్వాత అందరూ ఎస్‌డీ40-2 వైపు వెళ్లారు. 1980లలో ఎస్‌డీ45లు తక్కువ ధరకు బజారుకొచ్చాయి.

విస్కాన్సిన్ సెంట్రల్ లెక్క వేరు. కొత్త ఇంజిను కొంటే దాని అప్పు మీద వడ్డీ ప్రతి నెలా కట్టాలి, అది నడిచినా నిలబడినా. పాతది కొంటే కర్చంతా డీజిల్, రిపేర్లలోనే ఉంటుంది. అది నడిచినప్పుడే కర్చు. పైగా పిస్టన్, లైనర్, హెడ్ కలిపి ఒకే ముక్కగా ఊడదీసి మార్చే పవర్ అసెంబ్లీ పదహారు సిలిండర్లదానికీ, ఇరవై సిలిండర్లదానికీ ఒకటే. స్పేర్లకు ఇబ్బంది లేదు. నార్త్ ఫాండ్ డు లాక్‌లోని వర్క్‌షాపు మనుషులు ఆ 645 ఇంజిన్లను క్షుణ్ణంగా తెలుసుకున్నారు. కంపెనీ చేతిలో వందకు పైగా ఎస్‌డీ45లు చేరాయి. దేశమంతా వద్దనుకున్న ఇంజిను ఇక్కడ ప్రధాన ఇంజిను అయింది.

ఇదంతా చెప్తే నాన్న అన్నారు: “ఇంజను చెడ్డది కాదురా. చూసుకునేటోళ్లు ఉండాలె.”

మార్చి

బాడీ పని. ఎస్‌డీ45ను దూరం నుంచే గుర్తుపట్టేలా చేసేది వెనక రేడియేటర్ భాగం. ఇరవై సిలిండర్ల వేడి చల్లార్చాలంటే పెద్ద రేడియేటర్లు కావాలి. మామూలు హుడ్డు (ఇంజినును కప్పే పొడవాటి పెట్టె) వెడల్పులో అవి పట్టవు, అందుకని పైభాగం రెండు వైపులా బయటికి వాలుగా విచ్చుకుంటుంది. పాత చవక మోడళ్లలో మోటారు పట్టడం కోసం హుడ్డు మొత్తాన్నే వెడల్పు చేసేవాళ్లు, దాంతో ఈ విచ్చుకోవడం తేలిపోయేది. నా మోడల్ హుడ్డు సరైన కొలతలోనే ఉంది. రేడియేటర్ జాలీ మాత్రం ప్లాస్టిక్‌లో మూసుకుపోయినట్టు అచ్చుపోసి ఉంది. దాన్ని కోసేసి, సన్నటి ఇత్తడి జాలీ అతికించాను. లోపల నలుపు వేశాక లోతు వచ్చింది. మొత్తం పనిలో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఈ జాలీయే.

చేతి పట్టీలన్నీ చెక్కేసి, 0.3 మిల్లీమీటర్ల ఇత్తడి తీగతో వంచి పెట్టాను. చేతి డ్రిల్‌తో రంధ్రాలు చేసేటప్పుడు ముందు సూదితో చుక్క పెట్టుకుంటే డ్రిల్ జారదు. తీగను ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూతో వెనక నుంచి అతికిస్తే ముందు మరక పడదు. విరిగిన హ్యాండ్‌రెయిల్‌ను అతికించలేదు, ఆ ప్లాస్టిక్ ఏ గమ్ముకూ సరిగా అంటదు. అది కూడా తీగతోనే కొత్తగా చేశాను.

ఏప్రిల్ మొదట్లో: రంగు

మెరూన్, బంగారు రంగు. పాత విస్కాన్సిన్ సెంట్రల్ డీజిల్ ఇంజిన్లకు ఉన్న రంగులే కొత్త కంపెనీ కూడా తీసుకుంది. బూడిద రంగు ప్రైమర్ వేస్తే మెరూన్ చల్లగా, నల్లబడినట్టు వస్తోంది. గులాబీ ప్రైమర్ మీద వేస్తే వెచ్చగా ఉంటోంది. చిన్న ప్లాస్టిక్ ముక్కల మీద రెండూ వేసి, కిటికీ దగ్గర ఎండలో పెట్టి చూశాను. గులాబీకే ఓటు. ముందు బంగారు పట్టీ కొట్టి, మాస్కింగ్ టేపు వేసి, పైన మెరూన్. ఎయిర్‌బ్రష్‌తో పలచగా నాలుగైదు పొరలు. పచ్చ ఉంచిన చోట్ల మెరూన్‌కు ముందు హెయిర్ స్ప్రే కొట్టాను. ఆరాక తడి బ్రష్‌తో రుద్దితే పై రంగు చిన్న పెచ్చులుగా లేచి, కింద బర్లింగ్టన్ నార్తర్న్ బయటపడింది. అనుకున్నదానికంటే సహజంగా వచ్చింది.

ఈ రంగుల కథ అమెరికాతో ఆగలేదు. 1993లో న్యూజీలాండ్ ప్రభుత్వ రైల్వేను కొన్న బృందంలో విస్కాన్సిన్ సెంట్రల్ ఉంది. 1996లో బ్రిటన్‌లో ప్రభుత్వం అమ్మిన గూడ్సు రైలు కంపెనీలను విస్కాన్సిన్ సెంట్రల్ ముందుండి నడిపిన బృందం కొని ‘ఇంగ్లిష్ వెల్ష్ అండ్ స్కాటిష్’ అని పేరు పెట్టింది. ఆ ఇంజిన్లకు వేసినవి ఈ మెరూన్, బంగారు రంగులే. పాత ఇంజిన్లతో బతికిన కంపెనీ బ్రిటన్‌కు మాత్రం 250 కొత్త ఇంజిన్లు ఆర్డరిచ్చింది. అవే క్లాస్ 66, 1998 నుంచి దిగాయి. అక్కడి పాత డీజిళ్లు తరచూ ఆగిపోతుండటంతో లెక్క కొత్తవాటి వైపు మొగ్గింది. పాతదా కొత్తదా అన్నది వీళ్లకు పట్టింపు కాదు. ఎక్కడ ఏది లాభమో అదే చేశారు. నాకు ఈ కంపెనీలో నచ్చేది ఇదే.

ఏప్రిల్ చివర: ఏ సంవత్సరం?

డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అతికించే అక్షరాల స్టిక్కర్లు) అతికించే ముందు ఏ ఏడాది ఇంజినో తేల్చుకోవాలి. 1993 శరదృతువు అనుకున్నాను.

కారణం ఉంది. ఆ ఆగస్టులో గ్రీన్ బే అండ్ వెస్టర్న్, ఫాక్స్ రివర్ వ్యాలీ అనే రెండు పక్క కంపెనీలు విస్కాన్సిన్ సెంట్రల్ చేతికొచ్చాయి. ఫాక్స్ రివర్ వ్యాలీ అయితే 1988 చివర్లో పుట్టి అయిదేళ్లలోపే పోయింది. ఈ రెండింటినీ ఫాక్స్ వ్యాలీ అండ్ వెస్టర్న్ పేరుతో కలిపారు. ఈ ప్రాంతమంతా కాగితం మిల్లులు. నీనా, యాపిల్టన్, గ్రీన్ బే, విస్కాన్సిన్ రాపిడ్స్... పల్పు కర్ర, పల్పు, కాగితానికి పూసే మట్టి లోపలికి వస్తాయి, కాగితపు రోల్స్ బయటికి పోతాయి. తక్కువ దూరపు కాగితం రవాణాను ట్రక్కులు లాగేసుకుంటే, శుభ్రమైన, చినుకు కారని బాక్స్ వ్యాగన్లను చెప్పిన రోజుకు పెట్టడం ద్వారా ఈ కంపెనీ చాలా సరుకును వెనక్కి తెచ్చుకుంది. తడి వ్యాగన్‌లో కాగితపు రోల్ వేస్తే ఏమవుతుందో తెలిసినవాళ్లకు ఆ శుభ్రత విలువ తెలుస్తుంది. నా షెల్ఫ్ లేఅవుట్ కూడా ఒక కాగితం మిల్లు సైడింగే.

గ్రీన్ బే అండ్ వెస్టర్న్ గురించి చెప్పినప్పుడు నాన్న చాలాసేపు మాట్లాడారు. అది చివరి వరకు ఆల్కో ఇంజిన్లతోనే నడిచింది. ఆల్కో అమెరికాలో 1969లోనే తయారీ ఆపేసినా, ఆ కంపెనీ వాటిని అలాగే నిలబెట్టుకుంది. అదే కుటుంబపు 251 ఇంజిన్లు వారణాసిలో దశాబ్దాల పాటు తయారై, కాజీపేట, గుత్తి, విశాఖ షెడ్లలో బతికాయి. విస్కాన్సిన్ సెంట్రల్ చేతికొచ్చాక మాత్రం ఆ ఆల్కోలను పక్కన పెట్టేశారు. అంతా 645 ఇంజిన్ల మీద నడుస్తున్నప్పుడు రెండో రకం స్పేర్లు ఎవరుంచుకుంటారు? వ్యాపారంగా సబబే. అయినా నాన్నకు ఆ మాట రుచించలేదు, నాక్కూడా.

డెకాల్స్ విషయంలో కొంత శ్రమ పడింది. కొన్న షీటు పాతది, పారదర్శక పొర నీళ్లలో పడగానే బీటలు వారుతోంది. మిగతాదాని మీద ముందు పలచగా క్లియర్ స్ప్రే కొట్టి, ఆరాక కత్తిరించి వాడాను. సెట్టింగ్ ద్రవం రెండు చుక్కలు వేస్తే అక్షరాలు తలుపు కీళ్ల మీద కూడా చక్కగా కూర్చున్నాయి.

1993ను ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా రాసుకోవాలి. 1996 మార్చి 4 తెల్లవారుజామున వెయావెగా ఊళ్లో ఈ కంపెనీ గూడ్సు బండి పట్టాలు తప్పింది. పాయింట్ల దగ్గర (బండి ఒక పట్టా నుంచి మరో పట్టాకు మారే చోట) బోల్టు రంధ్రంలో ఎవరికీ కనపడని పగులు పెరిగి, పాయింటు పట్టా విరిగింది. ప్రొపేన్ ట్యాంకర్లు అంటుకున్నాయి. ప్రాణాలు పోలేదు, కానీ ఊరి జనమంతా రెండు వారాలకు పైగా ఇళ్లు వదిలి ఉండాల్సి వచ్చింది. ఒక్క డ్రైవరుతో బండ్లు నడపాలన్న కంపెనీ ఆలోచనకు కూడా ఆ తర్వాత గట్టి వ్యతిరేకత ఎదురై, 1997లో విస్కాన్సిన్ రాష్ట్రం ఇంజినులో ఇద్దరు ఉండాలని చట్టం చేసింది. పొదుపు ఎక్కడిదాకా చేయొచ్చు అన్న ప్రశ్నకు అదొక జవాబు. ఈ కంపెనీని ఇష్టపడేవాళ్లం దాన్ని కూడా గుర్తుపెట్టుకోవాలి.

మే: శబ్దం

సౌండ్ డీకోడర్ (మోడల్‌లో ఇంజిను శబ్దాలు వినిపించే చిన్న సర్క్యూట్) పెట్టాను. ఇందులో పదహారు సిలిండర్ల 645, ఇరవై సిలిండర్ల 645 రెండు రికార్డింగులూ విడిగా ఉన్నాయి. తేడా వినగానే తెలుస్తుంది, ఇరవైది లోతుగా, మందంగా ఉంటుంది.

ఆల్కోకూ దీనికీ ఉన్న తేడా లెక్కలోనే ఉంది. 645 రెండు స్ట్రోకులది, ప్రతి సిలిండరూ క్రాంక్ తిరిగిన ప్రతిసారీ పేలుతుంది. ఫుల్ నాచ్‌లో, అంటే థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు, నిమిషానికి 900 చుట్లు. ఇరవై సిలిండర్లకు సెకనుకు 300 పేలుళ్లు. డబ్ల్యూడీఎం2లోది నాలుగు స్ట్రోకులది, రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. నిమిషానికి 1,000 చుట్లు, పదహారు సిలిండర్లు, సెకనుకు 133. అందుకే ఆల్కోలో దెబ్బ దెబ్బా విడిగా వినపడుతుంది, ఇందులో అన్నీ కలిసిపోయి ఒకే హోరు అవుతుంది.

పైన వినపడే ఈల టర్బోది. రెండు స్ట్రోకుల ఇంజిను తనంతట తాను గాలి పీల్చుకోలేదు, దాన్ని లోపలికి నెట్టేది ఈ టర్బోయే. తక్కువ నాచ్‌ల్లో పొగకు టర్బోను తిప్పేంత బలం ఉండదు కాబట్టి ఇంజినే గేర్లతో దాన్ని తిప్పుతుంది. లోడు పెరిగి పొగ బలం చాలినప్పుడు క్లచ్ విడిపోయి టర్బో స్వయంగా తిరుగుతుంది. డీకోడర్‌లో ఆరో నాచ్ దాటాక ఈల కొంచెం పైకి లేచేలా వాల్యూమ్ సర్దాను. ఇప్పటి మన డబ్ల్యూడీజీ4 గూడ్సు ఇంజిన్లలో ఉన్న 710 ఇంజిను కూడా ఈ 645 తర్వాతి తరమే. గుత్తి వైపు గూడ్సు బండ్ల పక్కన నిలబడినవాళ్లకు ఈ ఈల కొత్త కాదు.

స్పీకరును డీజిల్ ట్యాంకు లోపల పెట్టి, చుట్టూ సీలు చేశాను. గాలి పక్కల నుంచి పోకపోతే లోతైన శబ్దం బాగా వస్తుంది.

మే చివర: మురికి

ఫాండ్ డు లాక్ నుంచి దక్షిణానికి వచ్చే బండ్లకు బైరన్ హిల్ ఎక్కాలి. ఫుల్ నాచ్‌లో ఎక్కే ఇంజిను పైకప్పు ఎలా ఉంటుందో అలా చేశాను: పొగగొట్టం చుట్టూ నల్ల మసి, వెనక్కి పోయేకొద్దీ పలచబడుతూ. బోగీల (ఇంజిను కింది చక్రాల చట్రాల) మీద విస్కాన్సిన్ చలికాలపు ఉప్పు, ఇసుక కలిసిన లేత బూడిద పొడి. మెరూన్‌లో రెండు చుక్కల తెలుపు కలిపి, ఎండ తగిలే పైభాగాల మీద పలచగా. చివర మ్యాట్ కోట్. పచ్చ పెచ్చులు ఇప్పుడు ఎక్కువగా అరవడం లేదు, దగ్గరికెళితే కనిపిస్తున్నాయి.

అసలువాటి సంగతి రాసి ఈ భాగం ముగిస్తాను. 1999లో బోర్డు గొడవల్లో బర్క్‌హార్ట్ బయటికి వెళ్లారు. పశ్చిమ కెనడా నుంచి షికాగో రావడానికి కెనడియన్ నేషనల్‌కు సుపీరియర్ ఊరి దగ్గర ఆగిపోయే తన దారిని కలిపే లింకు కావాలి. ఆ లింకు విస్కాన్సిన్ సెంట్రల్ మెయిన్ లైనే. 2001 జనవరిలో కొనుగోలు ప్రకటించారు, అక్టోబరులో పూర్తయింది. కెనడియన్ నేషనల్‌కు సొంత ఇంజిన్లు ఉన్నాయి. ఎస్‌డీ45లు కొన్నేళ్లలోనే పోయాయి. ఇప్పుడు కెనడా పశ్చిమ తీరంలోని ప్రిన్స్ రూపర్ట్ రేవులో దిగిన కంటెయినర్లు ఆ పట్టాల మీదే షికాగో వస్తాయి. బఫెలో గ్రోవ్, వెర్నన్ హిల్స్‌లో ఉండే తెలుగువాళ్లు ఆఫీసుకు ఎక్కే మెట్రా (షికాగో లోకల్ రైళ్లు) నార్త్ సెంట్రల్ బండి కూడా అదే లైను. 1996 ఆగస్టులో అది మొదలైనప్పుడు ఆ పట్టాలు విస్కాన్సిన్ సెంట్రల్‌వే. నేనూ అదే బండి ఎక్కుతాను. రోజ్‌మాంట్ స్టేషను వచ్చినప్పుడు కంపెనీ హెడ్ ఆఫీసు ఇక్కడే ఉండేదని పక్కసీటువాళ్లకు చెప్పాలనిపిస్తుంది. 2020లో కెనడియన్ నేషనల్ తన 3069 నెంబరు ఇంజినుకు విస్కాన్సిన్ సెంట్రల్ మెరూన్ రంగులు వేసింది. మా వైపు ఎప్పుడైనా వస్తుందని కెమెరా బ్యాగులోనే ఉంచుకుంటున్నాను.

మోడల్ వరకు మిగిలిన పనులు: ముందు కప్లర్ అర మిల్లీమీటరు కిందికి ఉంది, వాషర్ వేసి లేపాలి. ఇంజిను ఆగాక శబ్దం వెంటనే ఐడిల్‌కు పడిపోతోంది, డీకోడర్‌లో ఆ ఆలస్యం పెంచాలి. క్యాబ్‌లో ఇద్దరు మనుషులను కూర్చోబెట్టాలి. ఆ తర్వాత గ్రీన్ బే అండ్ వెస్టర్న్ ఆల్కో ఒకటి మొదలుపెడతాను. సీ424 మోడల్ వెతుకుతున్నాను. దాని బోగీలు, హుడ్డు తలుపుల సంగతి నాన్నే చూసుకుంటానన్నారు, వీడియో కాల్‌లో.